పిల్లి మార్కు మాణిక్యమ్మ

ముందే చెప్పేస్తున్నాను, నాకు పిల్లులంటే గిట్టదు. ఫలక్‌నుమా స్టేషన్ వెనక సందులో ముప్పై రెండేళ్లుగా బట్టలు కుడుతున్నాను. కత్తిరించి పెట్టిన జాకెట్టు ముక్కల మీద ముడుచుకుని పడుకునే జీవాన్ని ముద్దు చేయమంటే నా వల్ల కాదు. కాబట్టి ఇది పిల్లుల మీద ప్రేమతో రాస్తున్నది కాదు, కోపంతో రాస్తున్నది. ఆ కోపం సగం మా పక్కింటి ఇస్సాకు అన్న మీద, మిగతా సగం నా మీద.

ఇస్సాకు అన్న బోర్డులు రాసే పెయింటరు. ఫ్లెక్సీలు రాకముందు శాలిబండ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏ దుకాణం ముందు నిలబడి తలెత్తినా ఆయన అక్షరాలే కనిపించేవి. కింద మూలన చిన్నగా 'ఇస్సాకు ఆర్ట్స్' అని ఉండేది. అక్షరాల పక్కన బొమ్మలు కూడా. పాల దుకాణం మీద గేదె, చికెన్ సెంటర్ మీద ఛాతీ విరుచుకున్న కోడిపుంజు, దర్జీ దుకాణం మీద కోటు తొడుక్కున్న దొరబాబు. వాటన్నిట్లోకీ పేరు పడ్డది వైకుంఠం సేటు పప్పుల దుకాణం మీది పిల్లి. ముందుకాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చున్న గోధుమరంగు పిల్లి. మెట్లెక్కేవాళ్లను ఒక చూపు చూసేది, 'కొంటావా, ఊరికే ధరలడిగి పోతావా' అన్నట్టు. జనం దుకాణం అసలు పేరు మరిచిపోయి పిల్లి మార్కు అనేవాళ్లు. బస్సు కండక్టర్లు కూడా ఆ స్టాపును అలాగే పిలిచేవాళ్లు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా ఆయన నాకు చెప్పిన మొదటి గుర్తు అదే, పిల్లి మార్కు కాడ దిగు, తప్పిపోవు అని.

ఆ పిల్లిని ఇస్సాకు అన్నే గీశాడని ఊరంతా అనుకుంది. అబద్ధం. గీసింది ఆయన భార్య మాణిక్యమ్మ వదిన. గోడకు గోడ ఆనుకుని బతుకుతున్న నాకు ఈ సంగతి పోయిన ఏడాది మే నెలలో గానీ తెలియలేదు. అందుకే నా మీద నాకు కోపం అన్నాను.

వదినది సంతోష్‌నగర్. ఆమె తండ్రి సీమోను రిక్షాలకు బొమ్మలు వేసేవాడు. ఈ కాలం పిల్లలకు చెబితే నమ్మరు గానీ, అప్పట్లో రిక్షా వెనక రేకు మీద నెమళ్లూ, తామరపూలూ, మంచుకొండలూ, పావురాల జంటలూ ఉండేవి. మా చిన్నప్పుడు రిక్షా వెంట పరిగెత్తింది ఎక్కడానికి కాదు, ఆ బొమ్మలు చూడ్డానికే. తండ్రి గీతలు గీస్తే ఎనిమిదేళ్ల మాణిక్యమ్మ రంగులు నింపేదట. పన్నెండేళ్లు వచ్చేసరికి గీతలు కూడా ఆమెవే. ఆ వాకిట్లోకి పని నేర్చుకోవడానికి వచ్చినవాడే ఇస్సాకు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు భాషల అక్షరాలూ ఆయనకు ఇట్టే పట్టుబడ్డాయి. బొమ్మ మాత్రం చచ్చినా పట్టుబడలేదు. సీమోను ఆలోచించి ఇద్దరికీ పెళ్లి చేశాడు. "అక్షరం ఒకలది, బొమ్మ ఒకలది. ఒక్క ఇంట్ల ఉంటే మీకు తిండికి లోటుండదు" అన్నాడట.

అలాగే జరిగింది. వదిన సర్కారు బడిలో ఆయాగా చేరింది. వారంలో ఆరు రోజులు బడి, ఏడో రోజు బొమ్మలు. ఇస్సాకు అన్న పని తీరు అందరికీ తెలిసిందే. దుకాణం ముందే స్టూలు వేసుకుని అక్షరాలు రాసేవాడు. బొమ్మ రావాల్సిన చోట నలుచదరంగా ఖాళీ వదిలేవాడు. శనివారం సాయంత్రం బోర్డును పాత దుప్పట్లో చుట్టి ఇంటికి మోసుకొచ్చేవాడు. "రోడ్డు మీద దుమ్మంటుకుంటది, బొమ్మ ఖరాబైతది" అని సేట్లకు చెప్పేవాడు. సోమవారం పొద్దున అదే దుప్పట్లో బొమ్మతో సహా బోర్డు తిరిగి వెళ్లేది. ఆదివారం చర్చి నుంచి రాగానే వాళ్ల తలుపు పడేది. టర్పెంటైన్ వాసన గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది. అయ్యో పాపం, అన్న ఆదివారం కూడా రెక్కలు ముక్కలు చేసుకుంటున్నాడే అని నేను చాయ్ పంపేదాన్ని. నా బొంద! ఆ చాయ్ మంచం మీద కాళ్లు చాపుకుని తాగింది ఆయన. నేల మీద కూర్చుని గీసింది ఆమె.

ఆడమనిషి చేతి బోర్డంటే సేట్లు ఒప్పుకోరని మొదట్లో భయపడ్డారట. ఆ భయం నిజమే కావచ్చు. కానీ తర్వాత అది అలవాటైపోయింది, ఇద్దరికీ.

ఇక సంగతి బయటపడ్డ తీరు చెబుతాను. మా సందు చివర షారోన్ అనే అమ్మాయి ఉంది. సంతోష్‌నగర్‌లో పశువుల డాక్టరు దగ్గర పని చేస్తుంది. బళ్ల కింద పడ్డవి, కళ్లు పోయినవి, ఎవరో గోనెసంచిలో కట్టి పారేసినవి, ఇలా ఓ పాతిక పిల్లుల్ని చేరదీసి చాంద్రాయణగుట్ట అవతల ఒక షెడ్డులో సాకుతోంది. మే నెల గాలిదుమారానికి ఆ షెడ్డు పైకప్పు రేకులు లేచిపోయాయి. వానలు పడేలోపు కప్పు వేయకపోతే ఆ గుడ్డి పిల్లులు తడిసి చావాల్సిందే. షారోన్ ఇల్లిల్లూ తిరిగింది. "డబ్బులు అడగను ఆంటీ. మీ ఇంట్లో ఏదుంటే దాని మీద ఒక పిల్లి బొమ్మ వేసివ్వండి. చర్చి ఆవరణలో సంత పెట్టి అమ్ముదాం" అంది. ఏం మాయ చేసిందో గానీ, పిల్లులంటే గిట్టని నేను కూడా పీలికలతో ఒక పిల్లి దిండు కుట్టిచ్చాను.

వైకుంఠం సేటు పోయాక దుకాణం ఆయన కొడుకు అమరనాథ్ చూసుకుంటున్నాడు. షారోన్ ఆయన దగ్గరికీ వెళ్లింది. సంత పెడతామనగానే ఆయన మొహం వెలిగిపోయిందట. "ఇస్సాకన్న ఉన్నడు గదా! మా నాయిన కాలం పిల్లిని మళ్ల గియ్యమను. అందరి ముందట కూసొని గియ్యాలె. ఆ బోర్డు నేనే కొంట. ఫ్లెక్సీ పీకేసి అదే పెట్టిస్త. నీ షెడ్డు కప్పు మొత్తం నా లెక్క" అన్నాడు.

షారోన్ ఈ మాట మోసుకొస్తే ఇస్సాకు అన్న మీసం తిప్పి "గంతే గదా బిడ్డా, అయిపోయిందనుకో" అన్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి. ఒప్పుకునే ముందు లోపలికి తొంగి చూసి భార్యను ఒక్క మాట అడగాలన్న ఇంగితం లేదు.

వారం తర్వాత పిండి జల్లెడ అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. పెరటి గోడకు వరసగా నాలుగు రేకులు ఆనించి ఉన్నాయి. నాలుగింటి మీదా ఇస్సాకు అన్న గీసిన పిల్లులు. ఒకటి ముంగిస. ఒకటి పందిపిల్ల. మూడోది ఏ జంతువో ఆ దేవుడికే తెలియాలి. నాలుగోది మీసాలతో సహా అచ్చం మా పెద్దమామ. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అన్న చెప్పులేసుకుని విసురుగా బయటికి వెళ్లిపోయాడు.

వదిన చేపలు కడుగుతూ తలెత్తకుండానే అంది, "నవ్వకు భాగ్యా. ఆయనకు పిల్లి రాదు. ఎన్నడూ రాలే."

"రాకుంటే సేటు దుకాణం మీదికెట్లొచ్చింది? ఎగిరొచ్చి కూసున్నదా?"

"నేను గీసిన."

జల్లెడ కోసం వచ్చిన సంగతే మరిచిపోయాను. ఆమె ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. రిక్షాలు, తండ్రి, దుప్పటి, ఆదివారాలు. వైకుంఠం సేటు దుకాణంలో ఎలుకల కోసం పెంచిన పిల్లిని ఆమె ఎప్పుడూ చూడలేదట. చేప తలకాయల కోసం వాకిట్లోకి వచ్చే సందు పిల్లిని చూసి గీసిందట. వింటుంటే నా ఒళ్లు మండింది.

"మరి ఇప్పుడు నువ్వే గీసియ్యరాదు వదినా?"

"అందరి ముందట గియ్యాలెనంట గద. దుప్పట్ల సుట్టి ఇయ్యనీకి రాదు." చేప పొట్ట చీల్చింది. "అయినా నేను బ్రష్ పట్టక పదహారేండ్లాయె. ఫ్లెక్సీ వచ్చినందుకు బంద్ చేసిన అనుకుంటడు ఆయన. కాదు. దుకాణానికి ఇరవై ఏండ్లు నిండినయని సేటు జల్సా చేసిండు, యాదికున్నదా? పిల్లి గీసిన చెయ్యి అని ఆయనకు శాలువా కప్పిండ్రు. మైకిచ్చిండ్రు. నేను మూడో వరుసల కూసున్న. నా దిక్కు సూసిండు భాగ్యా. ఇగ చెప్తడు, ఇగ చెప్తడు అనుకున్న. 'అంతా దేవుని దయ' అని కూసున్నడు."

"దేవుడు గీసిండా పిల్లిని?" అన్నాను. నాకు ఏడుపొచ్చింది, కోపంతో. ఆ జల్సాకు నేనూ వెళ్లాను. ఆమె పక్కనే కూర్చున్నాను. చేతులు మండేలా చప్పట్లు కొట్టాను, ఇస్సాకు అన్నకు.

"ఇప్పుడే పోయి సందంతా చెప్తా" అని లేచాను. వదిన చేపల చేత్తోనే నా చెంగు పట్టుకుంది.

"నువ్వు చెప్తే లొల్లి అయితది, గంతే. ఆయన నోటికెల్లి రావాలె. రాకుంటే వద్దే వద్దు. ఒట్టు పెట్టు."

"రాకుంటే ఆ కప్పు గతేంది?"

"అదే ఫికరు నాకు" అంది. "గా గుడ్డి పిల్లులు ఏం పాపం చేసినయ్?" అయినా చెంగు వదల్లేదు. ఒట్టు వేశాకే వదిలింది.

జూన్ రెండో ఆదివారం చర్చి ఆవరణలో సంత పెట్టారు. ఎన్ని పిల్లులో! పెంకుల మీద, కొబ్బరి చిప్పల మీద, కుండ మూతల మీద, పాత స్టీలు పళ్లేల మీద. మూడు కాళ్ల పిల్లులు, గళ్ల చొక్కా వేసుకున్న పిల్లులు. బురఖాల్లో వచ్చిన ఆడపిల్లలు ఇద్దరు గాజుముక్కలు అతికించి మెరిసే పిల్లిని చేసుకొచ్చారు. అన్నిటికంటే ముందు అమ్ముడుపోయింది నా దిండు, చెప్పుకోవాలి కదా. వదిన మాత్రం రాలేదు. మోకాళ్ల నొప్పులంది. ఇస్సాకు అన్నకు తెల్లచొక్కా ఇస్త్రీ చేసిచ్చి పంపింది.

మధ్యలో పసుపురంగు పూసిన రేకు బోర్డు నిలబెట్టారు. అమరనాథ్ ముందు వరుసలో కూర్చున్నాడు. ఇస్సాకు అన్న స్టూలు మీద కూర్చుని సుద్ద పూసిన దారం లాగి గీత కొట్టాడు. బ్రష్ ముంచి మొదటి అక్షరం రాశాడు. అబద్ధమెందుకు, ఆయన మీద ఎంత కోపమున్నా నా గుండె కరిగింది. వణుకు లేదు, తొట్రుపాటు లేదు. 'పి' ఒక్క ఊపులో తిరిగింది. చేత్తో అక్షరం పుట్టడం ఎన్నడూ చూడని పిల్లలు ఫోన్లు దించేసి నోళ్లు తెరుచుకుని చూశారు. నాకు ఆ పాత రోడ్లన్నీ కళ్లముందు తిరిగాయి. రంగు రంగుల బోర్డులు, దీపావళి ముందు నిచ్చెనలు, నిచ్చెన కింద నుంచి పోవద్దని నన్ను పక్కకు లాగిన మా అత్త. ఆ రోజులు ఇక రావు గదా అనిపించి కొంగుతో కళ్లొత్తుకున్నాను.

'పిల్లి మార్కు పప్పులు' అని రాయడం పూర్తయింది. ఎడమవైపు నలుచదరంగా ఖాళీ వదిలాడు. బ్రష్ కడిగి, చేతులు తుడుచుకుని లేచాడు. సంచిలోంచి పాత దుప్పటి తీశాడు. బోర్డుకు చుట్టడం మొదలుపెట్టాడు.

ఏళ్ల తరబడి అలవాటు. ఆ చేతులకు తర్వాతి పని అదే. పొద్దున ఆ దుప్పటి సంచిలో ఎందుకు పెట్టుకున్నాడో కూడా ఆయన ఆలోచించి ఉండడు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. గేటు దగ్గర చాయ్ అమ్మే భాయ్ "అరే చచా, కాఁ లేకే జారే?" అని అరిచాడు, ఎక్కడికి మోసుకుపోతున్నావని. అందరూ గొల్లుమన్నారు. షారోన్ పరిగెత్తుకొచ్చి, "తాతా, పిల్లిని ఇంకా గీయలేదు కదా!" అంది.

ఆయన ఆగాడు. చేతిలో దుప్పటిని చూసుకున్నాడు. "దుమ్ము..." అన్నాడు మెల్లగా. చర్చి ఆవరణలో పొద్దున్నే నీళ్లు చల్లి ఊడ్చారు, దుమ్మెక్కడిది? నేను పళ్లు బిగపట్టి ఆయన మొహంలోకే చూశాను. చెప్పు అన్నా, ఈసారన్నా చెప్పు, దేవుణ్ణి మధ్యలోకి లాగకు అని లోపల్లోపల అరుస్తూనే ఉన్నాను.

"ఏందిది ఇస్సాకన్నా, గియ్యి మరి. మా నాయిన పిల్లి" అన్నాడు అమరనాథ్.

"అది మీ నాయిన పిల్లి కాదు సేటు" అన్నాడు ఇస్సాకు అన్న. "నా పిల్లి గూడ కాదు. నాకు పిల్లి రాదు. గేదె రాదు, కోడి రాదు, ఏం రాదు. అన్నీ నా భార్య గీసింది. ఇంట్ల తలుపేసుకొని గీసింది, నేను దుప్పట్ల సుట్టుకొచ్చి నా పేరు పెట్టుకున్న. మీ నాయిన కప్పిన శాలువా గూడ ఆమెదే. పదహారేండ్లాయె, నేనే కప్పుకొని తిరుగుతున్న."

ఎవరూ నవ్వలేదు. ఆయన తెల్లచొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. అమరనాథ్ లేచి నిలబడ్డాడు. "వదినె ఏడున్నది?"

"ఇంట్ల."

"పిలిపియ్యి."

"పిలిస్తే రాదు సేటు. నేనే పోవాలె." దుప్పటి అక్కడే నేల మీద వదిలేశాడు. ఆరని అక్షరాలు బయటికి కనిపించేలా బోర్డును భుజాన పెట్టుకుని నడిచాడు. ఆయన వెనక మేమందరం, బొమ్మల సంతంతా. దారిలో ఏమైందని అడిగిన వాళ్లు కూడా కలిశారు.

వదిన గడప మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. సందు నిండా జనాన్ని చూసి చేట పక్కన పెట్టింది. ఇస్సాకు అన్న బోర్డును గోడకు ఆనించి ఆమె ముందు నిలబడ్డాడు. "మాణిక్యం, పిల్లి నేను గియ్యలే. నువ్వు గీసినవ్" అన్నాడు.

"నాకెందుకు చెప్తవ్? నాకెర్క లేదా?" అంది ఆమె. "వాళ్లకు చెప్పినవా?"

"చెప్పిండు వదినా!" నేను గట్టిగా అరిచాను. "అందరి ముందట చెప్పిండు. నేను సాక్ష్యం!"

ఆమె చాలాసేపు ఆయన్ని చూసింది. పదహారేళ్ల కిందట మూడో వరుసలోంచి అలాగే చూసి ఉంటుంది. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. "బ్రష్షులేవి?"

అన్న బ్రష్షులు అందిస్తూ, "బోర్డు లోపలికి పట్టుకొస్త" అన్నాడు.

"ఏం అవసరం లేదు. ఈడనే, వాకిట్ల" అంది.

కళ్లజోడు పెట్టుకుని అందరి మధ్యా పీట మీద కూర్చుంది. మొదటి గీత వణికింది. అది తుడిచి మళ్లీ గీసింది. మూడోసారికి వీపు గీత నిలిచింది. తర్వాత ఎవరూ కదల్లేదు. ఉర్దూలో ఒకరు, తెలుగులో ఒకరు 'చెవి వచ్చింది, తోక వచ్చింది' అని వెనకవాళ్లకు చెబుతూనే ఉన్నారు. పూర్తయ్యాక చూస్తే అది పాత పిల్లి కాదు. బక్కచిక్కింది, ఒక చెవి చివర చిరిగింది, కళ్ల కింద మడతలు. చూపు మాత్రం అదే.

అమరనాథ్ దగ్గరికొచ్చి చూశాడు. "వదినే, మా పిల్లి ఇంకా లావుండె గదా?"

"అది వయసుల ఉన్నప్పటి పిల్లి సేటు. మీ దుకాణం మీద గన్నేండ్లు ఎండల వానల కూసున్నది. నేను ముసల్దాన్ని అయితే అది కాదా?" అంది వదిన. సందంతా నవ్వింది. అమరనాథ్ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "గిట్లనే ఉండనీ. గిదే పెట్టిస్త" అన్నాడు.

అప్పుడు ఇస్సాకు అన్న అన్నిట్లోకి సన్నబ్రష్ తీసుకుని బోర్డు మూలకు వంగాడు. వేల దుకాణాలకు పేర్లు రాసిన మనిషి, మసీదు పక్కన టైర్ల షాపు నుంచి శవపేటికలు చేసేవాడి దాకా ఎవరి పేరు రాయలేదు! ఈ ఒక్క పేరు ఎన్నడూ రాయలేదు. 'మాణిక్యమ్మ' అని రాసి నిలబడ్డాడు. ఆర్ట్స్ లేదు, ఇస్సాకు లేదు.

వదిన ముందుకు వంగి చదువుకుంది. అన్న తెచ్చిన బోర్డుల మీద తడి అక్షరాలు ముట్టుకున్నందుకు మా పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషి, చూపుడువేలు చాపి ఆ తడి పేరును తనే ముట్టుకుంది.

వానలకు ముందే షెడ్డుకు కప్పు పడింది. ఫ్లెక్సీ దిగింది, బోర్డు ఎక్కింది. శాలిబండ వైపు వెళ్తే మీరూ తలెత్తి చూడండి. షారోన్ నాకొక ఒంటికన్ను పిల్లిని అంటగట్టాలని చూస్తోంది, నేను ఒప్పుకోలేదు. ఇంకా ఒప్పుకోలేదు.

సంత జరిగిన ఆ ఆదివారమే, పొద్దుగూకే వేళ గిన్నెలో చేపల పులుసు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వదిన చూపుడువేలు కొసకు నల్లరంగు అలాగే ఉంది. "కిరోసిన్ అద్దుకొని కడుక్కోరాదు వదినా" అన్నాను. "ఉండనియ్యి" అంది. ఇస్సాకు అన్న పళ్లెం పెట్టి అన్నం వడ్డించాడు. పుట్టి బుద్ధెరిగాక చేత్తో తప్ప తినని మనిషి, ఆ పూట మాణిక్యమ్మ వదిన చెంచా అడిగి తెప్పించుకుని తిన్నది.